రెండో గంట

హాజరు పట్టీలో పదకొండో పేరు
కలపాల యేసోబు.
ఆ పేరు దగ్గర నా గొంతు కాస్త తడబడుతుంది,
మెట్టు విరిగిన చోట కాలు వెతుక్కున్నట్టు.
"రాలేదు టీచర్" అని ముందు బెంచీ చెప్పేస్తుంది.
వెనక బెంచీ నవ్వుతుంది.
జూన్‌లో నాలుగు సున్నాలు, జులైలో పదకొండు.
ఆగస్టు గళ్ళు చూస్తే
ఎవరూ వేసుకోని పూసల దండ.

కొరుక్కుపేటలో తెలుగు బడి మాది.
అన్ని తరగతులూ కలిపి అరవై రెండు మంది.
ఒక్కడు తగ్గినా
గోడకి పెచ్చు ఊడినట్టు కనబడిపోతుంది.

"వాళ్ళమ్మని పిలిపించి సంతకం పెట్టించండి"
అన్నారు హెడ్మాస్టరు.
వాళ్ళమ్మ తెల్లారి నాలుగింటికే
మౌంట్ రోడ్డు మీద చీపురుతో ఉంటుంది.
పిలిస్తే, ఆ చెయ్యి ఖాళీ ఎప్పుడని?

నేనే వెళ్ళాను, సగం పూట సెలవు పెట్టి.
రైలు గేటు దాటి, నూనె మిల్లు గోడ వెంట,
మూడో సందు.
వాడక్కడే ఉన్నాడు.
యూనిఫాం వేసుకునే ఉన్నాడు.
ఎనిమిది ప్లాస్టిక్ బిందెల వెనక
తొమ్మిదో బిందెలా.
"తణ్ణి లారీ ఇంకా రాలే టీచర్.
తొమ్మిదికి రావాల. ఒక్కోసారి పదికొస్తాది.
నేను పోతే మా బిందెలు వెనక్కి తోసేస్తారు."

ఫోనులో హాజరు తొమ్మిదిన్నరకి మూసుకుంటుంది.
ఆ తర్వాత వచ్చినవాడు రానివాడే.

నాకు సిగ్గేసింది.
నేను రోజూ సూళ్ళూరుపేట నుంచి వస్తాను.
అత్తిపట్టు దగ్గర సిగ్నల్ పడితే
అరగంట కూడా కదలదు బండి.
నా ఆలస్యం రైలు ఖాతాలో పోతుంది,
పర్మిషన్ అని రాసి ఊరుకుంటారు.
లారీ ఆలస్యం మాత్రం వాడి ఖాతాలో.

ఆ రోజు నుంచి కాగితం పట్టీలో
వాడి సున్నా పెన్సిల్‌తో చుట్టాను.
పదిన్నర దాకా రబ్బరు పిడికిట్లో.

అక్కడితో అయిపోతుందనుకున్నాను.
వినాయక చవితి ముందు వారం
వాళ్ళ సందుకి పంపు వచ్చింది.
వాడు మాత్రం రాలేదు.

మళ్ళీ వెళ్ళాను.
బిందెలు బోర్లించి ఉన్నాయి.
వాడు గడప మీద కూచుని
గాలిపటం దారం చిక్కు తీస్తున్నాడు.
నన్ను చూసి ఇంకో చిక్కు వేశాడు.
చాలాసేపటికి నేలతో అన్నాడు:
"భిన్నాలు అయిపోయినాయంట గదా."

ఎన్ని రోజులు రాలేదో నా దగ్గర లెక్కుంది.
ఆ రోజుల్లో ఏమేం పోయాయో
వాడి దగ్గర.

ఒక బిందె తిరగేసి నీళ్ళు పోశాను.
అర బిందె. పావు బిందె. ముప్పావు.
"ఇది నాకొచ్చు" అన్నాడు కోపంగా.
"ఇది భిన్నాలా?"

శుక్రవారం వాడికో పని అప్పజెప్పాను.
రెండో పీరియడు గంట.
రైలు పట్టా ముక్క, ఇనుప కడ్డీ.
అది మోగితేనే మా బడిలో
తెలుగు పుస్తకం మూసి లెక్కలు తెరుస్తారు.
వాచ్‌మన్ ఏలుమలై అలిగి
నాకు టీ తేవడం మానేశాడు.

ఇవాళ సోమవారం.
పది కావస్తోంది. గేటు పడింది.
గూడ్సు పోతోంది, దానికేం తొందర.
పాఠం అయిపోయింది, అయినా ఎవరూ
పుస్తకం మూయలేదు.
కిటికీ దగ్గర చేరి పిల్లలు
పెట్టెలు లెక్కపెడుతున్నారు.
పట్టీలో పదకొండో గడి మీద
రబ్బరు ఆనించి నేనూ నిలబడ్డాను.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది...

చక్రాల సందుల్లోంచి
అవతల ఎవరివో రెండు కాళ్ళు,
ఆగలేక
ఒకదాని మీంచి ఒకటి మారుతూ.