నూట పది మీటర్ల సముద్రం

కొమ్మాదిలో మూడో అంతస్తు.
బాల్కనీలో నిలబడితే
పక్క అపార్ట్‌మెంటు వాటర్ ట్యాంకూ
దాని మీద వెలిసిపోయిన బిల్డరు పేరూ.
అయినా బ్రోచర్లో ‘సీ వ్యూ’ ఉండాలట.
"సముద్రాన్ని నువ్వు పట్రా" అన్నాడు వరహాల్రావు,
కొబ్బరిబొండం తెమ్మన్నంత తేలిగ్గా.

తెచ్చేది నేను కాదు,
పెట్టెలో కాళ్ళు ముడుచుకున్న ఈ పిట్ట.
పొట్ట మీద స్టిక్కరు,
మా అయ్య పెట్టిన పేరుకన్నా పొడవైన నంబరు.
అది లేకపోతే ఇది పిట్ట కాదు, నేరం.
నా జేబులో పైలట్ సర్టిఫికెట్.
తలంబ్రాల మీద ఎగరేసిన రోజుల్లో
ఇవేవీ అడిగినవాళ్ళు లేరు,
మల్కాపురంలో ఊరేగింపు మీదికి లేపబోయి
నేవీ గోడ అవతలి జీపు చూసేదాకా.
డ్రోన్ తిరిగి రావడానికి పదకొండు రోజులు,
పెళ్ళికొడుకు ముఖం మామూలవడానికి
అంతకన్నా ఎక్కువ.

అప్పట్నుంచి ముందు మ్యాపు చూస్తాను,
తర్వాతే ఆకాశం.
విశాఖ ఆకాశం నీలమని ఎవరన్నారు?
నా ఫోన్లో చూడండి,
డాల్ఫిన్ నోస్ ఎరుపు,
ఎయిర్‌పోర్టు ఎరుపు, దాని చుట్టూ పసుపు,
భీమిలి పక్క మళ్ళీ ఎరుపు.
మిగిలిన పచ్చముక్కలో
నూట ఇరవై మీటర్ల దాకా నాకు చోటు.
గాలికి కంచెలుండవంటారు గానీ
నాకు వాటి గుంజలు కూడా తెలుసు.

ఉదయం ఏడింటికి లేపాను.
ముప్పై మీటర్లు, ట్యాంకు మూత.
అరవై, ఆనందపురం వైపు పోయే లారీలు.
తొంభై, కొండకి గొరిగిన చెంప.
నూట పది దగ్గర
ఎవరో చాప దులిపి పరిచినట్టు
ఒక్కసారిగా సముద్రం.
"అదీ! అక్కడే ఆపు!"
అది పారిపోతుందేమోనన్నట్టు
చేతులు చాచి నిలబడ్డాడు వరహాల్రావు.

"ఈ ఎత్తుకి ముప్పై ఆరు అంతస్తులు కావాలండీ,
మీరు కట్టింది ఐదు."
"ఫొటో అబద్ధమాడదు కదా?"
ఆడదు.
ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో మాత్రం చెప్పదు.

రెరా నంబరు ఎలాగూ వెయ్యాలి,
చీమ తలంత అక్షరాల్లో ఓ మూల వేస్తాడు.
దాని పక్కన ఇంకో లైను వేయమన్నాను:
‘నేలకి నూట పది మీటర్ల పైన తీసింది, బాల్కనీ నుంచి కాదు.’
"నీకు డబ్బులిచ్చేది ఎగరేయడానికా, రాయడానికా?"

దింపుతుంటే వెనక సందులో
డాబా మీద నెత్తళ్ళు ఎండబెడుతున్న ఒకామె
తలెత్తి చూసింది. కొంగు సర్దుకుంది.
చేతిలో చీపురు లేచింది.
పరుగున మెట్లెక్కాను, కార్డు చేత్తో పట్టుకుని.
"అమ్మా, మీ డాబా ఫొటోలో పడింది.
మీరు వద్దంటే చెరిపేస్తాను.
అడక్కుండా వాడకూడదు."
"ఏదీ, సూపించు ముందు" అంది నరసాయమ్మ.

తానుంటున్న అద్దె ఇంటి నెత్తిని
మొదటిసారి చూసుకుంది.
నెత్తళ్ళ చాప తపాలాబిళ్ళంత.
సముద్రం మొహం చూడలేదు.
పెద్దది చెయ్యమంది. ఇంకా. ఇంకా.
పిట్టగోడ మొదట్లోంచి
వంటగది మీదికి పాకిన నల్లటి పగులు.
"ఇదే! మూడు వానాకాలాల్నుంచీ సెప్తన్నాను,
ఓనరు నమ్మడే!
సెరిపేయకు బాబూ, నా ఫోన్లోకెయ్యి."

రెండు ఫొటోలు పంపాను.
వరహాల్రావుకి వెళ్ళింది
వారం తర్వాత మధురవాడ హోర్డింగు మీద కనిపించింది.
సముద్రం ఉంది, నా లైను లేదు.
అసలు కాపీ, తేదీ, ఎత్తు, ఆ రోజు మ్యాపు రంగు
అన్నీ దాచుకున్నాను.
నోటీసు వస్తే
ముందు తలుపు తట్టేది నా ఇంటిదే.

నరసాయమ్మ తన ఫొటో కింద
ఏం రాసి పంపిందో తెలీదు.
శుక్రవారం అటుగా పోతుంటే
డాబా మీద అరబస్తా సిమెంటు.
తాపీమేస్త్రీ బోర్లా పడుకుని
పగులు వెంట వేలు పోనిస్తున్నాడు.
వాడు పైకి చూడలేదు.
నేనూ ఏమీ ఎగరేయలేదు.