పది దగ్గర పదే

గుణుపూరు చింతపండు సొసైటీలో
నా ఉద్యోగం, తెల్లారి తలుపు తీసి
నాలుగు రాళ్లు ఐదుసార్లు మోయడం.
రెండు, ఐదు, పది,
పది మీద ఐదు, ఇరవై.
త్రాసు ముల్లు ఏమంటే అది గళ్ల పుస్తకంలో చుక్క పెట్టి
ఐదు చుక్కల మధ్యగా స్కేలుతో గీత లాగడం.

రోజుకో గీత.
గోడౌను ఎలకలకి కూడా అక్కర్లేని గీత.

నేర్పింది దండాసి మాస్టారు.
ఏదో మిల్లు లేబరేటరీలో ముప్పై ఏళ్లు కళ్లు పోగొట్టుకున్న మనిషి.
"చుక్కని నమ్మీకమ్మా, గీతని చూడు.
మొదటి నెల తీర్పు చెప్పకు, ఊరికే చూడు.
ఒళ్లు బాగున్నప్పుడు వేడెంతో తెలిస్తేనే కదా
జ్వరమేదో తెలుస్తాది."

ముప్పై గీతలూ ఒకదాని మీదొకటి పడి
ఒకే లావు గీతలా అయ్యాక
ఎర్ర సిరాతో గట్లు వేయించాడు, మూడు పేజీల్లో.
గీత నడుమ ఎంత ఎత్తున ఉంది, ఒకటి.
ఎంత వాలింది, ఒకటి.
చుక్కలు గీతని వదిలి ఎంత దూరం చెదిరాయి, ఇంకొకటి.
మూడూ రోజూ నింపమన్నాడు.
నింపాను, ఫాల్గుణం దాకా.

ఫాల్గుణంలో కొండ మీంచి చింతపండు దిగుతుంది.
వరండా అంతా పుల్లటి వాసన,
వేళ్ల సందుల్లో జిగురు, పెన్ను కూడా జారదు.
చుక్కలు మానలేదు గానీ
ఎత్తు పేజీ ఒక్కటే నింపుతూ వచ్చాను.
ఒక బుధవారం ఆ పేజీలో చుక్క గట్టు దాటి గెంతింది.
పది రాయి పెడితే పదీ రెండు వందలు.
స్క్రూడ్రైవరు తెచ్చి ముల్లుని వెనక్కి తిప్పాను.
పది దగ్గర పది.
ఇన్‌స్పెక్టరు వచ్చి
పది రాయి ఒక్కటే పెట్టి, సీలు కొట్టి, టీ తాగి వెళ్లాడు.

సుంబారి సబర మాత్రం
ఒకనాడు తన మూట దించకుండా
చీర చెంగులోంచి రెండు ఉప్పు ప్యాకెట్లు తీసి పళ్లెంలో పెట్టింది.
కిలో అని అచ్చేసి ఉంది రెండింటి మీదా.
ముల్లు ఒకటీ ఎనిమిది వందల నలభై దగ్గర ఆగింది.
"వాడు తక్కువ పోసుంటాడు" అని నవ్వాను.
ఆమె నవ్వలేదు.

రాత్రి వాలు పేజీ తీశాను.
పద్దెనిమిది రోజుల చుక్కలు ఒక్కసారిగా నింపితే
పద్దెనిమిదీ గట్టుకి అవతలే.

స్ప్రింగు సాగిపోయింది. నేను ముల్లుని వెనక్కి లాగాను.
ఖాళీ త్రాసు అబద్ధం బయటపడకుండా
సున్నా దగ్గర చిన్న మేకు ముల్లుని ఆపుతోంది.
గీత పది దగ్గర కాలు పాతి
తిరగలి పిడిలా తిరిగింది.
రెండు కిలోలు తెచ్చినవాళ్ల దగ్గర నూట అరవై గ్రాములు తిని
ఇరవై తెచ్చినవాళ్లకి రెండు వందలు వడ్డించింది.

దొంగ కోసం పుస్తకం వెనక్కి తిప్పాను.
గెంతు ముందురోజు, మంగళవారం,
లారీ కుర్రాడు ఎనభై కిలోల బస్తా తెచ్చి
ముప్పై కిలోల త్రాసు మీద కాసేపు దించాడు,
బీడీ వెలిగించుకోడానికి.
అంతే. వాడిది బీడీ.
స్క్రూడ్రైవరు నాది.

కొత్త స్ప్రింగు వేయించాం.
సుంబారి ఎనిమిదిసార్లు వచ్చింది ఆ రోజుల్లో,
కిలో రెండు వందల ఎనభై గ్రాముల డబ్బు లెక్కగట్టి ఇస్తే
తీసుకుని, ఉప్పు కూడా తీసుకుని పోయింది.
కూరలోకి కావాలి కదా.

బస్తాలవాళ్లకి రసీదులున్నాయి, పేరూ ఊరూ సంతకమూ.
మిగతావాళ్లు నా చేతిరాతతోనే, రోజూ చివరి వరసలో
"చిల్లర, 41 మంది"
"చిల్లర, 37"
"చిల్లర, 44".
ఎవరికని ఇస్తాను?

ఇప్పుడు పేర్లు రాస్తున్నాను.
క్యూ నెమ్మదయింది, కార్యదర్శి విసుక్కుంటున్నాడు.
వంశధార అవతలి నించి వచ్చిన ముసలాయన
పేరడిగితే భయపడి
మూట తీసుకుని వెనక్కి వెళ్లిపోయాడు.
ఆయన బరువెంతో
ఏ పేజీలో చుక్క పెట్టాలో
మాస్టారు చెప్పలేదు.