కొత్తాకు విచ్చేదాకా

తుఫాను వెళ్లిన నాలుగో రోజు
నౌపడ స్టేషన్లో
రెండో ప్లాట్‌ఫారం పొడుగునా
మెట్టతామరల ఆకులు మాడిపోయాయి.

ఉప్పుగాలి, అన్నాడు స్టేషన్ మాస్టారు.
ఉప్పుగాలే, అన్నాను నేనూ.
ఉప్పుమళ్లు పక్కనే పెట్టుకుని
ఇంకే పేరు చెబుతాం?

ఇరవై రెండేళ్లుగా ఇక్కడ నీళ్లు మోస్తున్నవాణ్ణి,
ఉప్పుగాలి చేతిరాత నాకు తెలుసు.
తూర్పుకి తిరిగిన ఆకునే పట్టుకుంటుంది.
అంచు నుంచి లోపలికి తింటూ వస్తుంది.
మాడినచోట వేలు పెడితే
అప్పడంలా ఫెళ్లుమంటుంది.
ఎండదెబ్బ అలా కాదు,
ఆకు వంగినచోట, వీపు మీద
వెలిసిన కాగితంముక్క అతికించి పోతుంది.
రెంటికీ ఒక మర్యాద ఉంది.
కొత్తాకు జోలికి రావు.

కానీ నీళ్లట్యాంకు కింద, గోడ చాటున,
ఏ గాలీ తగలని దుబ్బు ఒకటి
ఒళ్లంతా పసుపు చారలతో నిలబడింది.
ఆకు తుంచి పొద్దుకి అడ్డంగా పట్టాను.
పొందూరు పంచెకి పసుపు నీళ్లంటితే
పోగు వెంట పోగు పాకుతుందే,
అలా ఈనె వెంట ఈనె.

"మొక్కకి కామెర్లేటి?" అని నవ్వాడు
పోర్టరు ఢిల్లేశు.
నేను నవ్వలేదు.
దుబ్బు నడుమ ఒక కొత్తాకు ఉంది,
ఇంకా చుట్టుకునే, బీడీలా బిగిసి.
గాలి చేసిన పనైతే ఇది శుభ్రంగా విచ్చుకుంటుంది.
కాకపోతే,

అక్కడే ఆగిపోయాను.
మూడు రోజులు.
గుణుపూర్ ప్యాసింజరు పోయింది, వచ్చింది, పోయింది.
రాత్రిళ్లు అన్నం కలుపుతూ కూడా ఆ ఆకే.
నాలుగోనాడు తెల్లారగట్ల టార్చి వేసి చూశాను.
సగమే విచ్చింది.
ఇంకా ఎండ మొహం చూడని ఆకు,
చారలతోనే పుట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది కత్తి.

ఏటా తొలకరికి దుబ్బులు విడదీసే కత్తి.
ఒక దుంప కోసి, లుంగీకి తుడిచి,
పక్క దుంపలో దించే కత్తి.
ఈ లైన్లో నాకు పేరు తెచ్చింది అదే.
తడిగోనె చుట్టి గార్డు చేతికిస్తే
నా మొక్కలు టికెట్టు లేకుండా తిరిగాయి.
టెక్కలి స్టేషన్‌కి, పాతపట్నం బడికి,
తిలారు దగ్గర గేటు తవిటమ్మకి.
వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండు చోట్లు.
రెండు చేతులూ చాల్లేదు.

దుబ్బు వేళ్లతో సహా పెకలించి
ఎండు కొబ్బరాకుల మీద వేశాను.
తడి దుంప మండలేదు, చాలాసేపు బుసలు కొట్టింది.
అదే మంటలో కత్తి పెట్టాను.
పిడి కూడా కొంచెం కాలింది.

ఆదివారం తిలారు గేటుకి వెళ్లాను.
గేటుగది ముందు మెట్టతామరలు నడుమెత్తున ఉన్నాయి.
ఎర్రటి పువ్వు, రేకు మీద పసుపు గీత,
ఎవరో కుంచెతో దిద్దినట్టు.
"ఎంత సొగసుగున్నాదో సూడు బావూ,
మీ టేసన్లో ఇలాటిది నేదు."

లేదు. నిజమే.

"ఇది జబ్బు తవిటమ్మా" అన్నాను.
"ఉప్పుగాలి కాదా?"
"కాదు. నా చేత్తో ఇచ్చింది."
ఆమె పట్టాల వైపు చూసింది,
ఏ బండీ రాని వైపు.
గదిలోకి పోయి గునపం తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.
"అయితే నువ్వే తవ్వు. నాను తవ్వనేను."

తవ్వాను. మట్టి మెత్తగా ఉంది,
రోజూ నీళ్లు పోసిన మట్టి.
"ఆ ఒక్క పువ్వూ వొగ్గీ" అంది.
కోసి, సోడాసీసాలో నీళ్లు పోసి
పచ్చజెండా పక్కన పెట్టుకుంది.
అదీ తగలెయ్యమని చెప్పబోయాను.
ఫోను మోగింది. పలాస వైపు నుంచి బండి.
ఆమె లేచి గేటు వేసింది.

మూట భుజాన వేసుకుని
నేను గేటుకి ఇవతలే నిలబడ్డాను.
ఇంకా పది.