నాలుగు గానీ, పది నిమిషాలు గానీ

రుషికొండ మీద మా ఆఫీసులో
తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు.
అద్దాలకవతల సముద్రం
మూగ సినిమాలా ఆడుతూ ఉంటుంది.

నా ఉద్యోగం మాత్రం కిటికీలు కట్టడమే.
హార్బర్ దాటి వెళ్ళిన బోట్లు
"ఇక్కడున్నాను, ఇక్కడున్నాను" అంటూ పంపే సంకేతాలు
రాత్రంతా తెగని ధార.
ధారని ఎవరు లెక్కపెట్టగలరు?
అందుకని తుంచుతాను -
బోటుకి నాలుగేసి సంకేతాలు ఒక విండో.
మూసి, కూడి, పైకి పంపి
మళ్ళీ ఇంకో ఖాళీ కిటికీ.

రెండో వారం
ఒక బోటు మూడుసార్లు పలికి ఊరుకుంది.
నాలుగోది రాలేదు,
విండో మూతపడలేదు.
ఆ మూడు మాటలూ
తెల్లారేదాకా మెమరీలో నానుతూ కూర్చున్నాయి.
తెరమీద అంతా పచ్చగానే ఉంది.

పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాను.
గొరుసు నూకరత్నం కానాగంతలు లెక్కపెడుతోంది.
లాభం, రెండు, మూడు...
పుంజీకొక గులకరాయి పక్కన పెడుతూ.
చివర బల్లమీద మూడు మిగిలాయి.

"నాలుగోది రాకపోతే?" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది.
"ఎంతసేపని సూత్తాను బాబూ,
మంచు కరిగిపోదేటి?
మూడైతే మూడే. తట్టలో ఎయ్యీడమే."

ఆఫీసుకొచ్చి ఒక్క వాక్యం మార్చాను:
నాలుగు గానీ, పది నిమిషాలు గానీ,
ఏది ముందైతే అది.

ఆ రాత్రి 'మూడు' అని తెరమీద ఎర్రగా వెలిగింది.
మెరైన్ వాళ్ళకి ఫోన్ చేశాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది,
చీకటిని సమానంగా కోసుకుంటూ,
ఏ ముక్కలో ఎవరున్నారో పట్టించుకోకుండా.

రెండూ యాభైకి వచ్చింది నాలుగోది.
రెండూ పదికి పలికిన మాట.
ఏ అలల కింద నలిగిందో,
తన గంటని తనే మోసుకుని వచ్చింది.

'ఆలస్యంగా వచ్చినవి పారేయి'
అని రాసి ఉంది అక్కడ.
రాసింది నేనే.
చెరిపేశాను. మూసేసిన కిటికీ వెతికి తెరిచి
కూడిక దిద్దాను: నాలుగు.

మర్నాడు సన్యాసిరావు గారు కోడ్ చూస్తూ
"ఆలస్యానికి నలభై నిమిషాలు గడువిచ్చావ్,
ఏం లెక్కయ్యా ఇది?" అన్నారు.

చెప్పలేదు.
మంచు దిమ్మ మీద గోనెసంచి కప్పితే
అంతసేపు ఆగుతుందట.