మాయ

సిరొంచలో నది దాటడమంటే రాష్ట్రం దాటడం.
ఆ ఒడ్డున తెలుగు బోర్డు, ఈ ఒడ్డున మరాఠీ బోర్డు,
తిట్లు మాత్రం రెండు ఒడ్లా ఒకే భాషలో.

జాడి లసుమక్క నా బల్ల ముందు కూర్చుంది.
అయిదో నెల.
గోళీలు బస్సులో గలగలమంటాయని
సీసాలో దూది కుక్కి
అటుకుల సంచి అడుగున దాచి తెచ్చుకుంది
గడ్చిరోలి నుంచి, ఎర్రబస్సులో,
ఆలాపల్లి గుంతలన్నీ నడుంతో లెక్కపెట్టుకుంటూ.

"రెండు నెలల సంది రాత్రి అన్నం తిన్నంక ఒకటి మింగుతున్న మేడం.
అది నాకా, లోపలిదానికా?"

ఇద్దరికీ, అన్నాను.
శిక్షణలో నేర్పిన బొమ్మ గీశాను.
ఇటు నీ నెత్తురు, అటు బిడ్డ నెత్తురు,
మధ్యలో మాయ.
"ప్రాణహిత, గోదారి లెక్కనా?"
అవి కలుస్తాయి లసుమక్కా, ఇవి కలవవు.
కలవకుండానే ఇచ్చిపుచ్చుకుంటాయి.

"మరి రోగాన్ని ఆపే మాయ
మందునెందుకు పోనిస్తది?"

పదకొండేళ్ళలో ఎవరూ అడగని మాట.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
తెలిసినంత చెప్పాను.
చిన్న చిన్న అణువులు పొరలోంచి ఇంకిపోతాయి.
నెత్తుట్లో మాంసకృత్తుల చెయ్యి పట్టుకుని తిరిగేవి
ఆ చెయ్యి వదిలితేగానీ దాటలేవు.
కొన్నిటిని గడప దాకా రానిచ్చి
వెనక్కి తోసే కాపలా కూడా ఉందక్కడ.
నీ గోళీలో మూడు మందులు. మూడూ దాటుతాయి.
ఒకటైతే, బొడ్డుతాడులో కొలిస్తే
నీ ఒంట్లో ఉన్నంతా ఉంటుందట.
రోగాన్ని మాయ ఒక్కతే ఆపుతుందని చెప్పలేను.
నీ నెత్తుట్లో అది అణగిపోతే
దాటడానికి మిగలదు, అంతే.

ఆమె నవ్వింది.
"వంతెన రాకముందు మా అయ్య నాటుపడవ నడిపేటోడు.
బియ్యం, బెల్లం, పెండ్లిపిల్ల,
రాత్రిపూట టేకు దుంగ.
ఎవరిని దాటియ్యాల్నో నీళ్ళకేం ఎరుక మేడం.
పడవోనికి ఎరుక."

నా బొమ్మలో పడవవాడు లేడు.

తలొంచుకుని ఇంకోటి అడిగింది:
"దాటిన మందు పిల్లను ఏం చెయ్యదు గదా?"
లక్షల మంది మింగారు, చూసినవాళ్ళు రాసుకున్నారు,
మేలే ఎక్కువ, అన్నాను.
"ఏం చెయ్యదు" అనే రెండు మాటలు
నోటిదాకా వచ్చాయి.
వాటిని నేను దాటనివ్వలేదు.

శ్రావణంలో, కరెంటు పోయిన తెల్లవారుజామున కన్నది.
ఆడపిల్ల. రెండు కిలోల నాలుగు వందలు.
పావుగంటకి మాయ పడింది.
స్టీలు పళ్ళెంలో, ఇంకా వెచ్చగా.
అత్త తలుపు దగ్గర నిలబడి
"ఇయ్యుండ్రి, దొడ్లె పాతుకుంటం" అంది.
పసుపు సంచిలో వెయ్యాలి, రూలు.
సిస్టర్ సంచి మూతి కట్టేముందు
బ్యాటరీ లైటు వేసి చూశాను:
ఒకవైపు నీలం నరాలు, వేళ్ళు పాకినట్టు,
తిరగేస్తే దున్నిన చెలక.
ఆరు నెలల పాటు, రాత్రికొక్క గోళీ
కాస్త కాస్తగా దిగిన రేవు ఇదే.
జీతం లేని కాపలా, పని అయ్యాక
తొమ్మిది గంటల బండికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మధ్యలో మాయ లేదు.
సిరంజిలో గీత దాకా తీపి మందు,
నేరుగా పిల్ల నాలిక మీద, ఆరు వారాలు.
లసుమక్క చెయ్యి వణికి
రెండు చుక్కలు కొంగు మీద పడ్డాయి.
కొంగు మూల పిల్ల నోట్లో పెట్టి
"ఇవి లెక్కల కొస్తయా?" అంది.

నలభై అయిదో రోజున మడమ గుచ్చి
కార్డు మీద ఐదు నెత్తుటి చుక్కలు తీశాం.
ఎండలో పెట్టకూడదు, నీడలో ఆరాలి.
ఆరేదాకా ఆమె అక్కడే, ఈగలు తోలుతూ.
"దీంట్ల నాదెంత, దానిదెంత?"

కవరు నాలికతో తడిపి అంటించాను.
బయట పదకొండున్నర బస్సు
హారన్ కొడుతోంది.