వాపసొచ్చిన బస్తా

ఏనుమాముల యార్డుల మా ల్యాబుకు కిటికీ లేదు.
బానోతు సక్రు తెచ్చిన చపాట మిర్చిని
పొడి గొట్టి, తుమ్మి, సీసాల పోస్త.
మిషను ఒక అంకె చెప్తది: పన్నెండు.

"పన్నెండేంది సారూ?"
"వంద కోట్ల పాళ్ళల్ల పన్నెండు పాళ్ళు."
"అన్ని ఎవలు లెక్కబెట్టిన్రు?"
ఆ సంగతి నాకూ తెల్వదు.
ఒక రేవుల పన్నెండంటే తిండి,
ఇంకో రేవుల విషం.
నడుమ సముద్రం ఒక్కటే, ఉప్పు గూడ ఒక్కటే.

మా నాయినమ్మ కాలంల
నెక్కొండ మానిక వేరు, నర్సంపేట మానిక వేరట.
సంత మారితే వడ్లు తక్కువయ్యేటియి,
ఎవలూ దొంగిలించకుండనే.
తర్వాత ముద్ర గొట్టిన కిలో రాయి వచ్చింది.
కొట్లాట ఆగింది;
కాంటా మీద బొటనవేలు మాత్రం ఆగలే.

ఇప్పుడు ఏడనో ఏసీ గదిల
బల్లకు అటిటు కూసున్నోళ్ళు
ఒకల పరీక్షను ఇంకొకలు నమ్మే కాయితం రాస్తున్నరట.
ఏడేండ్లాయె.
ఒక మాట కాడ ఆగిన్రట:
"సమానం" అనాల్నా, "ఒక్కతీరు" అనాల్నా.

అంతల్నే పోయిన కంటైనరు వాపసొచ్చింది.
మొగిలి బస్తాలు దించుతాండు, ముక్కుకు తువ్వాల.
ప్రతి బస్తా మీద ఎర్ర ముద్ర,
చదవరాని భాషల.
"పారబోస్తరా?" అని అడిగిన.
సేటు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసి
ముద్ర మీదికెల్లి కొత్త గోనె తొడిగిచ్చిండు.
సక్రు ఒక కాయ తీసి తొడిమె తిప్పి చూసిండు.
"ఇది నా చేనుదే" అన్నడు మెల్లగ.

రాత్రి ఇంట్ల కూర మంచిగ ఎర్రగున్నది.
బిడ్డ రెండోసారి ఏసుకుంటాంది.
ఆమె నాలికకు ఎంత అని
ఏ బల్ల కాడ రాసిన్రో
నేను ఇంకా అడగలే.