వచ్చిన దారినే

ఈ యంత్రం లేదు.
ఉన్నదల్లా ఒక ఇనప బీరువా, దాని కడుపులో ఫ్యాన్ల రొద,
ఆ రొదలో పదకొండు యంత్రాలు
ఒకదానికొకటి తెలీకుండా బతుకుతున్నాయి.
లేని యంత్రానికి నిన్న మధ్యాహ్నం
మూడో నెట్‌వర్క్ కార్డు తగిలించాను.
అదీ లేనిదే.
స్క్రూ లేదు, తీగ లేదు, గుచ్చడానికి రంధ్రం లేదు,
పన్నెండక్షరాల చిరునామా మాత్రం ఉంది
రేషన్ కార్డు మీద పేరులాగ.

మొదటిది ఆఫీసుకి.
రెండోది రాత్రిపూట బ్యాకప్ మోసుకుపోవడానికి.
మూడోది కళ్యాణదుర్గం దారిలో
గుట్టల మీది గాలిమరలకి.

అనంతపురం. రాత్రి రెండున్నర.
ఫోన్లో నాగమునెప్ప, పదిహేడో మర కిందనుంచి,
గాలికి గొంతు చిరిగిపోతా:
"మేడం, పిలస్తానే ఉండాం, మీ మిషను పలకదే!"

చూశాను.
పిలుపు వస్తూనే ఉంది మూడో కార్డు మీద,
ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.
యంత్రం వింటోంది.
పలుకుతోంది కూడా!
కానీ బదులు మొదటి కార్డులోంచి పోతోంది,
పెరట్లో పిలిచిన మనిషికి
వీధి వాకిట్లోకెళ్ళి "ఆఁ, వస్తాండా" అని అరిచినట్టు.
అక్కడ కాపలా ఉన్న ఫైర్‌వాల్
"నిన్నెవరడిగినార్రా?" అని
ఆ బదుల్ని గుమ్మంలోనే తుంచి పారేస్తోంది.

తప్పు యంత్రానిది కాదు.
ఊరు తెలియకపోతే ఇటే పో అని
దానికి నేను చెప్పిన పెద్దదారి ఒక్కటే.
మూడు కార్డులిచ్చి ఒక్క దారే ఇచ్చాను.

మా నాయన దూదేకులాయన.
పాతూరులో పరుపుల అంగడి, దానికి రెండు తలుపులు.
బజారు వైపునుంచి "పకీరప్పా" అంటే
బుగ్గన వక్కాకుతో "ఏం రెడ్డీ, పరుపా, మెత్తలా?"
మసీదు సందులోంచి "పకీర్ సాబ్" అంటే
వచ్చీరాని ఉర్దూలో "హౌ భాయ్, హౌ భాయ్."
ఏ తలుపులో పిలుపొస్తే ఆ తలుపులోనే పలికేవాడు.
విల్లు మాత్రం ఒక్కటే, నారి ఒక్కటే,
టంయ్... టంయ్...
దూది రేగి రెప్పల మీద, మీసం మీద,
రెండు పేర్ల మీదా కురిసేది.

బళ్ళో వేసేటప్పుడు పంతులు
"ఏదో ఒక పేరు చెప్పు పాపా" అన్నాడు.
హుసేనమ్మ అన్నాను.
సర్టిఫికెట్లో హసీనా అని పడింది.
ఆ రోజునుంచి ఎవరు ఎటునుంచి పిలిచినా
సర్టిఫికెట్లోంచే పలుకుతున్నాను.
మేనత్త ఫోన్ చేసి "ఏమే హుసేనీ, తింటివా?" అంటే
"భోంచేశానండీ, చెప్పండి" అంటాను.
అవతల కాసేపు ఏమీ వినపడదు.

రెండు వరసలు టైపు చేశాను.
ఈ చిరునామా నుంచి బయల్దేరేదానికి వేరే పట్టిక.
ఆ పట్టికలో వేరే దారి.
అంతే.

ఎంటర్.
పదిహేడో మర పలికింది. తర్వాత పద్దెనిమిది, ఇరవైరెండు.
గాలి వేగం సెకనుకి తొమ్మిది మీటర్లు.
నాగమునెప్ప ఏదో అన్నాడు, ఆ తొమ్మిది మీటర్లూ తినేసినాయి.

ఐదున్నరకి టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బండాయన
"ఏమ్మా, బజ్జి ఎయ్యల్నా?" అన్నాడు.
"ఎయ్ న్నా, రొండు ఎయ్."
నోరు దానంతటదే ఆ దారిన పోయింది.

సగం ప్లేటు తిన్నాక గుర్తొచ్చింది:
ఆ రెండు వరసలూ ఫైల్లో రాయలేదు.
యంత్రాన్ని ఎవరైనా ఒకసారి పడుకోబెట్టి లేపితే చాలు,
అన్నీ మరిచిపోయి
మళ్ళీ వీధి వాకిట్లోకెళ్ళి అరుస్తుంది.

చెయ్యి కడుక్కుని
మళ్ళీ మెట్లెక్కాను.